వేరు, వేరే, వేరుగా: ‘సెపరేట్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

విజయనగరంలో గ్రూప్స్‌కు చదివేవారు, బ్యాంకు పరీక్షలకు సిద్ధమయ్యేవారు, ఎప్పుడైనా ఒక అర్జీ ఇంగ్లిషులో రాయాల్సి వచ్చినవారు, అందరూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ‘వేరు’ అని రాయాలంటే సెపరేట్ రాయాలా, డివైడ్ రాయాలా? సెపరేట్ తర్వాత విత్ వస్తుందా, ఫ్రమ్ వస్తుందా? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం నయమనిపించింది.

ఈ మాటతో అసలు చిక్కు అది కొత్తది కాకపోవడమే. మన నోట్లో ఎప్పటినుంచో నలుగుతోంది. ‘సెపరేటు కాపురం’ అంటాం, ‘చట్నీ సెపరేటుగా కట్టండి’ అంటాం, ‘ఆయన పద్ధతే సెపరేటు’ అంటాం. తెలుగులో మూడూ చెల్లుతాయి. ఇంగ్లిషులో మొదటి రెండే చెల్లుతాయి, మూడోది చెల్లదు. తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాక దాని అర్థం కొంచెం జరిగింది. జరిగిన అర్థాన్నే తిరిగి ఇంగ్లిషులో పెట్టడం వల్ల సగం తప్పులు వస్తున్నాయి.

కావలసినవి

ఒక కాగితం, పెన్సిలు. ఉచ్చారణ వినిపించే నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వారి నిఘంటువులు రెండూ ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు చెప్పదలచుకున్న వాక్యం శుభ్రమైన తెలుగులో ఉండాలి. పర్యాయపదాల పట్టిక మాత్రం వద్దు. ఒకే గడిలో సెపరేట్, డివైడ్, స్ప్లిట్, డిటాచ్, పార్ట్ అని వరుసగా రాసి ‘అన్నీ ఒకటే’ అని బట్టీ పట్టించే పుస్తకాలు ఈ విషయంలో మేలుకంటే కీడే ఎక్కువ చేస్తాయి.

1. తెలుగు వాక్యంలో ‘వేరు’ ఏ రూపంలో ఉందో చూసి గీత గీయండి

ఇంగ్లిషు గురించి ఇప్పుడే ఆలోచించవద్దు. మన భాషలో ఈ మాట చివరను బట్టే పని తెలిసిపోతుంది.

‘వేరు గది’, ‘విడి కాగితం’ అని పేరుకు ముందు ఉంటే, ఇంగ్లిషులో సెపరేట్ విశేషణం. సెపరేట్ రూమ్, సెపరేట్ షీట్.

‘వేరుగా’, ‘విడిగా’ అని ఉంటే, సెపరేట్లీ. ఆ చివరి ‘లీ’ని చాలామంది మింగేస్తారు. మన ‘గా’ ఉన్నచోట వాళ్ల ‘లీ’ ఉండాలి.

‘విడదీశారు’, ‘వేరు చేశారు’ అని ఉంటే, ఎవరో దేన్నో చేశారు. సెపరేట్ క్రియ అవుతుంది, వెంటనే దేన్ని చేశారో ఆ మాట రావాలి.

‘విడిపోయారు’, ‘వేరుపడ్డారు’ అని ఉంటే, క్రియే గాని వెనుక కర్మ ఉండదు. ఇక్కడ ఒక గుంట ఉంది, ఆరో మెట్టులో చూద్దాం.

‘వేరే’ అని ఉంటే ఆగండి. పెన్సిలు కింద పెట్టి తర్వాతి మెట్టు చదవండి.

2. ‘వేరే’ను వడగట్టండి

నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడివే. బట్టల కొట్లో ‘వేరే చొక్కా చూపించండి’ అంటాం. ఇది సెపరేట్ షర్ట్ కాదు; అనదర్ షర్ట్, లేదా రంగో రకమో మారాలనుకుంటే డిఫరెంట్ షర్ట్. ‘నా అభిప్రాయం వేరు’ అన్నా డిఫరెంటే. ‘ఆయన పద్ధతే సెపరేటు’ అన్నదీ అంతే, ఇంగ్లిషులో అది డిఫరెంట్.

పరీక్ష సులువు. ‘వేరే’ తీసేసి అక్కడ ‘ఇంకో’ పెట్టి చదవండి. అర్థం నిలిస్తే అనదర్. ‘తేడా గల’ పెట్టి చదవండి. నిలిస్తే డిఫరెంట్. ‘విడి’ పెట్టినప్పుడు మాత్రమే నిలిస్తే సెపరేట్.

లాడ్జిలో ఉన్నారనుకోండి. ‘మాకు వేరే గది కావాలి’ అన్నారు. ఫ్యాను తిరగడం లేదు కాబట్టి గది మార్చమంటున్నారా? అయితే అనదర్ రూమ్. అందరూ ఒకే గదిలో ఉన్నారు, అమ్మానాన్నలకు విడిగా ఒకటి కావాలంటున్నారా? అయితే సెపరేట్ రూమ్. తెలుగు వాక్యం అక్షరం మారకుండా అదే. రెండో సందర్భంలో అనదర్ అన్నా పని జరుగుతుంది. మొదటి సందర్భంలో సెపరేట్ అంటే మాత్రం ఉన్న గది ఉండగా రెండోది కూడా రాసుకుని, రెండింటికీ అద్దె కడతారు.

3. అక్షరాలు, ఉచ్చారణ సరిచూసుకోండి

తప్పు రాసేవారంతా దాదాపు ఒకే చోట తప్పుతారు: పి తర్వాత ఏ బదులు ఈ పెడతారు. ఇంగ్లిషు పుట్టుభాషగా ఉన్నవారికీ ఈ తప్పు మామూలే. సరైన వరుస ఎస్, ఈ, పి, ఏ, ఆర్, ఏ, టి, ఈ. మధ్యలో ఉన్న నాలుగు అక్షరాలు పి, ఏ, ఆర్, ఏ. వాటిని కలిపి చదివితే ‘పర’. పరాయి, పరదేశం, పరభాష అనే మాటల్లోని పర. వేరు అని చెప్పే మాట నడుమ మన ‘పర’ కూర్చుని ఉందని గుర్తుంచుకుంటే ఇక తప్పదు. ఆ మాటకు మూలం లాటిను, మన పరకూ దానికీ చుట్టరికం లేదు. గుర్తుకోసం వాడుకుందాం, అంతే.

రాత ఒకటే అయినా పలకడం రెండు రకాలు. క్రియ అయితే మూడు ముక్కలు, చివర సాగుతుంది: సె-ప-రెయిట్. విశేషణం అయితే చివర పొట్టి, నడుమ అచ్చు దాదాపు వినపడదు: సెప్-రట్. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఫోనులో రెండూ విని పైకి అనుకోండి. రాతపరీక్ష మాత్రమే ఉంటే దీన్ని వదిలేసి ముందుకు వెళ్లండి.

4. ఒక్కటి రెండైందా, రెండు ఎడమయ్యాయా తేల్చుకోండి

సెపరేట్‌కు, డివైడ్‌కు తేడా ఇక్కడే ఉంది. ఒకే వస్తువు భాగాలైతే డివైడ్. రెండు వస్తువుల మధ్య ఎడం వస్తే, లేదా కలిసి ఉన్న రెండు రకాలను దేనికది తీస్తే, సెపరేట్.

శ్రీకాకుళం పట్టణం నాగావళికి రెండు గట్లమీదా ఉంది. ఊరు ఒకటే, దాన్ని ఏరు రెండుగా చేస్తోంది. కాబట్టి నాగావళి ఊరిని డివైడ్ చేస్తుంది. ఇటు గట్టుమీది వీధి గురించి, అటు గట్టుమీది వీధి గురించి చెబుతున్నారనుకోండి. ఆ రెండింటినీ నాగావళి సెపరేట్ చేస్తుంది. ఏరు అదే, నీళ్లు అవే. మీరు దేన్ని గురించి మాట్లాడుతున్నారో దాన్ని బట్టి మాట మారింది.

మరి స్ప్లిట్? అది చీలడం, పగలడం. పలాస వైపు జీడిపప్పు పనిలో ఈ మాటలన్నీ ఒకే బల్ల దగ్గర కనిపిస్తాయి. పిక్కను కాల్చో ఉడికించో కొట్టి, పెంకునుంచి పప్పు తీస్తారు. పెంకు, పప్పు రెండు రకాలు కాబట్టి అది సెపరేట్. తర్వాత ఆ పప్పు నిలువునా, సహజంగా ఉన్న గీత వెంట రెండు పలుకులుగా విడితే అది బద్ద. అది స్ప్లిట్. విడకుండా నిలిచింది గుండు, దాన్ని హోల్ అంటారు. ఎగుమతి గ్రేడుల్లోనూ ఇదే మాట: డబ్ల్యు 240, డబ్ల్యు 320 లాంటివి గుండ్లు, ఎస్ అనే గ్రేడు స్ప్లిట్స్, అంటే బద్దలు. బస్తా మీద ఎక్కడా సెపరేట్ అని కనిపించదు. చివరికి రకాల వారీగా గ్రేడు చేస్తారు. అలా వర్గాలుగా తీయడానికి సార్ట్ అనే మాట సరిపోతుంది. తడి చెత్త, పొడి చెత్త దేనికది వేయమని చెప్పే చోట సెగ్రిగేట్ అంటారు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనూ ఆ మాటే వాడారు. పరీక్షలో ఈ విషయంపై వ్యాసం వస్తే అదే రాయండి.

జిల్లాల సంగతి చెప్పకపోతే ఈ ప్రాంతంలో పాఠం పూర్తికాదు. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం వేరైంది. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొంత కొంత తీసి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. పార్వతీపురం వైపు విజయనగరం నుంచి, పాలకొండ వైపు శ్రీకాకుళం నుంచి వెళ్లాయి. అదే రోజు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది.

వీటిని రాసేటప్పుడు ఒక పెద్దదాని నుంచి కొంత కోసి కొత్తది చేశారనే అర్థంలో కార్వ్‌డ్ అవుట్ ఆఫ్ చక్కగా అతుకుతుంది. పత్రికల అలవాటుతో అన్నిటికీ బైఫర్కేషన్ అంటించేస్తున్నారు. ఆ మాటలోని ‘బై’ అంటే రెండు. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైంది, అక్కడ బైఫర్కేషన్ సరైన మాట. 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ముక్క మన్యానికి, ఇంకొకటి విజయనగరానికి వెళ్లి, మిగిలింది శ్రీకాకుళంగానే ఉంది. దాన్ని బైఫర్కేషన్ అంటే దిద్దేవారు పట్టించుకోకపోవచ్చు గాని, మీరు లెక్క సరిగా రాసినట్టు కాదు. రీఆర్గనైజేషన్ అనండి, గొడవ ఉండదు.

5. వెనుక ఏ చిన్నమాట రావాలో పెట్టండి

‘నుంచి’ అర్థం ఉంటే ఫ్రమ్. విత్ ఎప్పుడూ కాదు. తెలుగులో ‘భాగస్వామితో విడిపోయాడు’ అనడం అలవాటు కాబట్టి విత్ దూరుతుంది. రాసే ముందు ‘తో’ను ‘నుంచి’గా మార్చుకుని చదవండి. రాజ్యాంగం 50వ అధికరణం గుర్తుంటే ఈ అమరిక మరచిపోరు: ప్రభుత్వ సర్వీసుల్లో న్యాయవ్యవస్థను కార్యనిర్వాహక వ్యవస్థ నుంచి వేరు చేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. ఇంగ్లిషు ప్రతిలో సెపరేట్, తర్వాత న్యాయవ్యవస్థ, తర్వాత ఫ్రమ్, తర్వాత కార్యనిర్వాహక వ్యవస్థ. పాలిటీ పేపరుకూ పనికొస్తుంది, గ్రామరుకూ పనికొస్తుంది.

‘గా’ అర్థంలో, అంటే గుంపులుగా, భాగాలుగా అన్నప్పుడు ఇన్‌టు.

నడుమ గోడో, రోడ్డో, దూరమో ఉందని చెప్పేటప్పుడు సెపరేటెడ్ బై. కంప్యూటర్‌లో పేర్ల జాబితా ఇచ్చేటప్పుడు ‘కామాలతో వేరు చేసిన పేర్లు’ అని ఉంటుంది చూడండి, అదీ సెపరేటెడ్ బై.

కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీశారు అంటే వెనుక ఏమీ అక్కరలేదు. సెపరేటెడ్ దెమ్, అంతే.

6. మనుషుల గురించి రాసేటప్పుడు జాగ్రత్త

‘అన్నదమ్ములు వేరుపడ్డారు’ అనేది మన ఊళ్లలో రోజూ వినే మాట. పొయ్యి వేరైంది, భూమి పంచుకున్నారు అని అందరికీ అర్థమవుతుంది. దాన్ని యథాతథంగా ‘బ్రదర్స్ సెపరేటెడ్’ అని అర్జీలో రాస్తే చదివేవారికి దారిలో ఒకరినుంచి ఒకరు తప్పిపోయారన్నట్టో, తగవు పడ్డారన్నట్టో ఉంటుంది. ఇంగ్లిషులో మనుషులమీద ఒంటరిగా సెపరేటెడ్ అనే మాట పడితే ముందుగా తట్టేది భార్యాభర్తల సంగతి.

అందుకని విషయాన్ని విడమరచి రాయండి. ఆస్తి పంపకమైతే: కుటుంబ ఆస్తిని డివైడ్ చేసుకున్నాం, లేదా పార్టిషన్ అయింది. వంట, కాపురం వేరైతే: సెపరేట్ హౌస్‌హోల్డ్, లేదా లివింగ్ సెపరేట్లీ. రేషన్ కార్డు విడగొట్టమని అడిగే అర్జీలో రెండోదే కావాలి. భూమి పంచుకున్నారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. రెండూ జరిగితే రెండు వాక్యాలు రాయండి. ఒకే మాటలో ఇరికించవద్దు.

ఇక భార్యాభర్తల గడి. దరఖాస్తుల్లో వివాహ స్థితి దగ్గర సెపరేటెడ్ అని ఒకటి, డైవోర్స్‌డ్ అని మరొకటి ఉంటాయి. విడిగా ఉంటున్నారు, విడాకులు రాలేదు అంటే మొదటిది. విడాకుల డిక్రీ వచ్చిందంటే రెండోది. 1955 హిందూ వివాహ చట్టంలోనూ ఇవి రెండు దారులు: 10వ సెక్షను కింద జ్యుడీషియల్ సెపరేషన్ వస్తే కలిసి ఉండాల్సిన బాధ్యత ఉండదు గాని పెళ్లి పెళ్లిగానే ఉంటుంది, విడాకులు 13వ సెక్షను సంగతి. పరస్పర అంగీకారంతో విడాకులు కోరే 13బి కింద కనీసం ఏడాదిగా విడిగా ఉంటున్నామని చెప్పాలి. అక్కడ చట్టం వాడిన మాట లివింగ్ సెపరేట్లీ. మర్యాదగా ఉంటుందని డైవోర్స్‌డ్ బదులు సెపరేటెడ్ గడిలో టిక్కు పెట్టేవారున్నారు. అలా చేయకండి. మర్యాద కోసం మార్చుకునే గడి కాదది, రేపు డిక్రీ ప్రతి జతచేసినప్పుడు కాగితాలు ఒకదానికొకటి పొసగవు.

7. రెట్టింపు మాట తీసేయండి

తెలుగులో ‘వేరు వేరుగా’, ‘విడివిడిగా’ అందంగా ఉంటాయి. ఆ అలవాటుతో ‘సెపరేట్ సెపరేట్’ అని ఇంగ్లిషులోనూ రాస్తారు. ఒక్కసారి చాలు. ‘ఇద్దరికీ విడివిడిగా బిల్లు ఇవ్వండి’ అంటే సెపరేట్ బిల్స్. బహువచనంలోనే ఆ రెట్టింపు ఇమిడి ఉంది. ‘ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచారు’ అంటే సెపరేట్లీ, లేదా వన్ బై వన్.

ఆఫీసు ఉత్తరాల్లో ‘అండర్ సెపరేట్ కవర్’ అని కనిపిస్తే ఆ కాగితాలు ఇంకో కవరులో పంపుతున్నారని అర్థం. ఇదే కవరులో వెతికి, పోయాయని కంగారు పడవద్దు. రసీదు చివర చుక్కల గీత వెంట చింపే చోట ఉండేది డిటాచ్. అతికి ఉన్నదాన్ని ఊడదీయడం.

8. అపార్ట్, ఎ పార్ట్ కలిసిపోకుండా చూసుకోండి

కలిపి రాస్తే అపార్ట్, ఎడంగా అని. విడగొట్టి ఎ పార్ట్ అని రాస్తే ఒక భాగం అని. అంటే కలిపి రాసినది విడిగా ఉండటం, విడగొట్టి రాసినది కలిసి ఉండటం. తిరకాసుగా ఉన్నా గుర్తు పెట్టుకోవడానికి ఆ తిరకాసే పనికొస్తుంది. ‘పాలకొండ ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో భాగం’ అనే వాక్యంలో ఖాళీ ఉండాలి. లేకపోతే అర్థం తిరగబడుతుంది.

అపార్ట్ ఫ్రమ్‌కు రెండు అర్థాలు: ‘తప్ప’, ‘కాక’. సందర్భం తేల్చకపోతే ఒకదానికి ఎక్సెప్ట్, ఇంకోదానికి బిసైడ్స్ వాడండి. పార్ట్ విత్ అంటే విడిపోవడం కాదు, వదులుకోవడం; ‘నాన్న ఆ ఎకరం వదులుకోలేకపోయారు’ అనేచోట వస్తుంది.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

రాసిన ఇంగ్లిషు వాక్యాన్ని తెలుగులోకి తిప్పండి; మీరు గాని, పక్కవారు గాని, ఫోనులోని అనువాద యాప్ గాని. మొదట రాసుకున్న తెలుగు వాక్యం దగ్గరకే వస్తే సరే. ‘వేరే’ ఉన్నచోట ‘విడి’ వచ్చిందంటే రెండో మెట్టుకు వెళ్లండి. యాప్‌ను ఇలా సరిచూడటానికి వాడండి. అది ఇచ్చిన మొదటి వాక్యాన్ని మాత్రం అలాగే అర్జీలో అతికించవద్దు. ‘వేరే గది’ అన్నప్పుడు మీ మనసులో ఏ గది ఉందో దానికి తెలియదు.

ఇంకా అనుమానం ఉంటే నిఘంటువులో అర్థం చూసి వదిలేయకుండా కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదవండి. వెనుక ఫ్రమ్, ఇన్‌టు, బై ఎక్కడ వచ్చాయో అవే చూపిస్తాయి.

ఈ నాలుగింటితో ప్రయత్నించండి, జవాబులు కిందే ఉన్నాయి. చూడకుండా రాయండి.

క. తూర్పారబట్టి తాలును గింజల నుంచి వేరు చేశారు.
చ. పొలాన్ని ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నారు.
ట. ఈ డబ్బాకు వేరే మూత కావాలి.
త. ప్రతి సెక్షనుకు జవాబులు వేరు పుస్తకంలో రాయాలి.

క: సెపరేటెడ్, తర్వాత ఫ్రమ్. చ: డివైడెడ్, తర్వాత అమాంగ్; సెపరేట్ రాసినవారు నాలుగో మెట్టు మళ్లీ చదవాలి. ట: అనదర్ లిడ్, ఉన్న మూత సరిపోవడం లేదనుకుంటే డిఫరెంట్ అన్నా సరే. త: సెపరేట్ బుక్‌లెట్, పలికితే సెప్-రట్. ‘ట’ తప్పినవారు ఎక్కువమంది ఉంటారు. వారు రెండో మెట్టులోని లాడ్జి గది ఉదాహరణను తమ ఇంటి వస్తువులతో నాలుగైదు వాక్యాలుగా రాసుకుని చూస్తే పట్టు దొరుకుతుంది.